ఇంగ్లీషు క్రియకు తగిన కాలము నెన్నుకొనుట: విద్యార్థులకు కొన్ని సూచనలు

వ్యాసపుస్తకములను దిద్దు ఉపాధ్యాయుల కందరికిని తెలిసిన సంగతి యొకటి కలదు. ఇంగ్లీషు పదముల వర్ణక్రమమందలి తప్పులు తరగతి పెరిగినకొలదిని తగ్గుచుండును. ఏకవచన బహువచనముల తప్పులును కొంతకాలమునకు సర్దుకొనును. క్రియకు తగిన కాలము నెన్నుకొనుటయందలి తప్పులు మాత్రము కడపటి తరగతివరకును విద్యార్థిని విడువక వెంబడించును. పాఠశాల విడిచి ఉద్యోగమున ప్రవేశించిన పిదపను అతని ఉత్తరములలో నవి కనబడుచునే యుండును. అందుచేత ఈ సంచికయందు ఆ విషయమునుగూర్చి కొంత విపులముగా వ్రాయ నుద్దేశించితిమి.

"తప్పు వ్రాసినను అర్థమగును గదా, నష్టమేమి?" అని కొందరు బాలురు మమ్ము నడుగుదురు. ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పవలెను. దూరపు పట్టణమున కొలువు చేయు యువకు డొకడు తన పై యధికారికి సెలవుకొరకు ఇట్లు వ్రాసె ననుకొందము: "మై మదర్ వాజ్ ఇల్ ఫర్ టెన్ డేస్." అతని మనస్సులోని మాట, తన తల్లి పదిదినములనుండి జబ్బుగా నున్నదని. చదివిన యధికారికి తోచు నర్థము, ఆమె పదిదినములు జబ్బుపడి లేచినదని. కోలుకొన్న తల్లిని చూచుటకు ఇప్పుడు సెలవేల యని యతడు నిరాకరించినచో ఆ దోష మతనిది కాదు. "మై మదర్ హాజ్ బీన్ ఇల్ ఫర్ టెన్ డేస్" అని వ్రాసియుండినచో, ఆమె యింకను మంచముమీదనే యున్నదని ఒక్క చూపులో తెలిసియుండును. పదములన్నియు సరిగానే యున్నవి. వర్ణక్రమమున లోపము లేదు. క్రియయొక్క కాలమొక్కటి తప్పుటచేత సంగతియే మారిపోయినది.

ఎదుటనుండి మాటలాడునప్పుడు మన ముఖమును, కంఠస్వరమును, చేతులును మనకు సాయపడును. వినువాడు సందేహము కలిగినచో మరల నడుగును. ఉత్తరమునకు ఆ సాయము లేదు. దానిని చదువువానికి కాగితముమీది మాటలే యాధారము. కావున కాలమును సరిగా నెన్నుకొనుట పరీక్షలో మార్కులకొరకు మాత్రమే యని తలంపరాదు. అది యున్న సంగతిని ఉన్నట్లు చెప్పుటలో నొక భాగము.

తప్పు పుట్టుచోటు

తెలుగువారికి ఇంగ్లీషు కాలములు కష్టమగుటకు మన భాషలో కాలములు లేకపోవుట కారణము కాదు. పరవస్తు చిన్నయసూరి 1858వ సంవత్సరమున ప్రకటించిన బాలవ్యాకరణమున మన క్రియకు వర్తమానము, భూతము, భవిష్యత్తు, తద్ధర్మము అని నాలుగు విధములు చెప్పబడియున్నవి. తెలుగు పేదభాష కాదు. ఇంగ్లీషు ధనికభాషయు కాదు. అయితే ప్రతి భాషయు తన్ను మాటలాడువానిని కొన్ని ప్రశ్నలు తప్పక యడుగును, కొన్నిటి నడుగదు.

వచ్చినది యెవరని తెలుగు అడుగును. పురుషుడైన "వచ్చినాడు" అనియు, స్త్రీయైనను పశువైనను "వచ్చినది" అనియు, పెద్దలైన "వచ్చినారు" అనియు చెప్పితీరవలెను. ఇంగ్లీషు దీనిని అడుగదు. అందరికిని "కేమ్" అను ఒక్క మాటయే చాలును. అందుకు మారుగా ఇంగ్లీషు, "ఆ వచ్చుట ముగిసిపోయిన కాలమునకు చెందినదా, లేక దాని ఫలితము ఇప్పుడును నిలిచియున్నదా?" అని యడుగును. తెలుగు ఈ ప్రశ్నను ప్రతిసారియు అడుగదు. మన భాష మనల నడుగని ప్రశ్నకు జవాబు సిద్ధముగా నుంచుకొను నలవాటు మనకు లేదు. తప్పు పుట్టుచోటు ఇదియే.

కావున మేము చెప్పదలచిన ముఖ్యసూత్రము ఒక్కటే. తెలుగు క్రియాప్రత్యయమునకు సరియైన ఇంగ్లీషు ప్రత్యయమేది యని వెదకవలదు. ఆ పనినిగూర్చి నాకు తెలిసినదేమి యని మిమ్ము మీరే యడుగుకొనుడు. ప్రత్యయమును కాదు, సంగతిని అడుగవలెను. క్రింద చెప్పబోవున దంతయు ఈ సూత్రమునకు వివరణమే.

"వచ్చెను" అను మాటకు రెండర్థములు

"అతడు నిన్న వచ్చెను" అనుటకు "హి కేమ్ యెస్టర్డే" అనవలెను. "హి హాజ్ కమ్ యెస్టర్డే" అనుట తప్పు. నిన్నటిదినము తలుపు మూసిన గదివంటిది. దానిలో జరిగిన పనిని చెప్పునప్పుడు సింపుల్ పాస్టు అనబడు సామాన్యభూతమునే వాడవలెను. నిన్న, పోయిన వారము, రెండు దినముల క్రిందట, 1947లో అనునట్టి మాటలు వాక్యమున నున్నప్పుడు "హావ్", "హాజ్" అనువానికి చోటులేదు.

"నాన్నగారు వచ్చినారు, లోపల కూర్చుండినారు" అనునప్పుడు వచ్చిన సమయముతో మనకు పనిలేదు. ఆయన యిప్పుడు ఇంటనున్నారనుటయే ముఖ్యము. అప్పుడు "ఫాదర్ హాజ్ కమ్" అనవలెను. ఇది ప్రెజెంట్ పర్ఫెక్టు. దాని పేరులోనే ప్రెజెంట్ అను మాట యున్నదని గమనింపుడు. పని గతించినది, ఫలితము వర్తమానమున నున్నది. "ఐ లాస్ట్ మై కీ" అన్నచో తాళపుచెవి యొకప్పుడు పోయిన దని మాత్రమే తెలియును, తరువాత దొరికియుండవచ్చును. "ఐ హావ్ లాస్ట్ మై కీ" అన్నచో ఇంకను దొరకలేదు, తలుపువద్ద నిలుచుండియున్నా నని యర్థము.

ఒకే మాట చెప్పు సమయమునుబట్టియు కాలము మారును. ప్రొద్దుట పదిగంటలకు "ఈ యుదయము అతనిని చూచితివా?" అని యడుగునప్పుడు, ఉదయ మింకను గడువలేదు గనుక "హావ్ యు సీన్ హిమ్ దిస్ మార్నింగ్?" అందురు. అదే ప్రశ్నను సాయంకాలమున నడుగునప్పుడు, ఉదయము ముగిసిపోయినది గనుక "డిడ్ యు సీ హిమ్ దిస్ మార్నింగ్?" అందురు. గ్రంథకర్తల విషయమునను ఇట్లే. కాలధర్మము నొందిన చిన్నయసూరి బాలవ్యాకరణము రచించె ననుటకు "రోట్" అనవలెను. జీవించి యింకను వ్రాయుచున్న గ్రంథకర్త ఇప్పటికి పది పుస్తకములు వ్రాసె ననుటకు "హాజ్ రిటన్" అనవలెను.

వ్యతిరేకార్థమున ఈ భేదము మరింత ముఖ్యము. "ఉత్తరము రాలేదు" అను తెలుగువాక్యము రెండు సంగతులకును సరిపోవును. "ది లెటర్ డిడ్ నాట్ కమ్" అన్నచో రావలసిన సమయమున రాలేదు, ఆ మాట ముగిసినది. "ది లెటర్ హాజ్ నాట్ కమ్" అన్నచో ఇప్పటివరకు రాలేదు, రావచ్చునను ఆశ యున్నది. ఎదురుచూచువానికి ఈ రెండును ఒకటి కావు.

అమెరికాదేశమున "డిడ్ యు ఈట్ యెట్?" అను వాడుక కలదు; ఇంగ్లండున "హావ్ యు ఈటెన్ యెట్?" అనుట పరిపాటి. అయినను "హాజ్ కమ్ యెస్టర్డే" అనుట ఆ రెండు దేశములలోను ఒప్పు కాదు.

తద్ధర్మమును మరువకుడు

"సూర్యుడు తూర్పున ఉదయించును." దీనిని ఇంగ్లీషున వ్రాయుడని చెప్పినప్పుడు కొందరు "విల్ రైజ్" అని భవిష్యత్తును, కొందరు "ఈజ్ రైజింగ్" అని జరుగుచున్న వర్తమానమును వ్రాయుదురు. రెండును సరికావు. "ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్" అనవలెను. స్వభావముచేతగాని, నియమముచేతగాని, అలవాటుచేతగాని జరుగు పనిని చెప్పునది తద్ధర్మము. ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంటునకు మన వ్యాకరణములో దగ్గర చుట్టము తద్ధర్మమే కాని వర్తమానము కాదు. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్న విద్యార్థికి సగము చిక్కులు తీరును.

"మా పాఠశాల తొమ్మిదిగంటలకు ప్రారంభమగును" అనునది నియమము: "అవర్ స్కూల్ బిగిన్స్ ఎట్ నైన్." "ఆమె చక్కగా పాడును" అనునది స్వభావము: "షి సింగ్స్ వెల్." "ఆమె పాడుచున్నది, వినుడు" అనునది ఇప్పుడు నడుచుచున్న పని: "షి ఈజ్ సింగింగ్." అయితే వాడుకలో మనము తద్ధర్మరూపమును భవిష్యత్తునకును ఉపయోగింతుము: "రేపు వర్షము కురియును." కావున రూపమును చూచి మోసపోక, ఇది రోజును జరుగునదా, రేపొకసారి జరుగబోవునదా యని సంగతిని అడుగవలెను.

పనిని గాక స్థితిని దెలుపు క్రియలు కొన్ని కలవు. తెలిసియుండుట, నమ్ముట, ఇష్టపడుట, కోరుట, కలిగియుండుట, చెందియుండుట మొదలగునవి యిట్టివి. ఇవి సాధారణముగా "ఇంగ్" అంతమందు గల రూపమును సహింపవు. "ఐ యామ్ నోయింగ్ హిమ్" అనరాదు. "ఐ నో హిమ్" అనవలెను. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనరాదు. "ఐ హావ్ టూ బ్రదర్స్" అనవలెను. తెలుగునను "నే నతని నెరుగుదును", "నాకు ఇద్దరు సోదరులు గలరు" అనియే గదా చెప్పుదుము! "నమ్ముచున్నాను", "కోరుచున్నాను" అను తెలుగు రూపములు మాత్రము మనల దారి తప్పించును. అచ్చట జాగ్రత్త వలయును. భోజనము చేయుచున్నామను నర్థమున "వి ఆర్ హావింగ్ డిన్నర్" అనుట ఒప్పే. ఏలయన అది పని, స్థితి కాదు.

"నుండి" అను విభక్తి చేయు చిక్కు

"మూడేండ్లనుండి ఇచ్చట నివసించుచున్నాను" అను వాక్యమును "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అని వ్రాయుట మనవారిలో మిక్కిలి వ్యాపించియున్నది. ఇందులో తప్పులు రెండు. మొదటిది కాలము. వెనుక మొదలై ఇప్పటివరకు వచ్చిన పనికి ఇంగ్లీషున ప్రెజెంట్ పర్ఫెక్టు రూపము కావలెను: "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్." రెండవది "సిన్స్" అను మాట. మన "నుండి" రెండు పనులు చేయును: మొదలైన క్షణమును జెప్పును, గడచిన కాలపు కొలతనుగూడ జెప్పును. ఇంగ్లీషున ఆ రెంటికిని వేరు మాటలు. మొదలునకు "సిన్స్", కొలతకు "ఫర్". "సిన్స్ మండే", "సిన్స్ 2020" అనవలెను. "ఫర్ త్రీ డేస్", "ఫర్ త్రీ ఇయర్స్" అనవలెను. గడియారమును చూపి చెప్పదగినది "సిన్స్". కొలబద్దతో కొలిచి చెప్పదగినది "ఫర్" అని గుర్తుంచుకొనుడు.

"మూడేండ్లు అచ్చట నుంటిని, తరువాత వచ్చివేసితిని" అనునప్పుడు "ఐ లివ్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అని సామాన్యభూతము చాలును. మొదట చెప్పిన తల్లి జబ్బు సంగతి ఈ భేదమునకు చెందినదే.

రెండు గతించిన పనులు

"మేము స్టేషను చేరునప్పటికి బండి వెళ్ళిపోయెను." ఇందు రెండును గతించిన పనులే; కాని ఒకటి మరియొకదానికంటె ముందు జరిగినది. ముందు జరిగినదానికి "హాడ్" చేర్చవలెను: "వెన్ వి రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్." అట్లు గాక "ది ట్రెయిన్ లెఫ్ట్" అన్నచో, మేము చేరగానే మా కన్నులయెదుట బండి కదలిన దని యర్థమగును. మొదటివాక్యమున బండి కనబడలేదు, రెండవవాక్యమున కనబడినది.

ఒకే పనిని చెప్పునప్పుడు మాత్రము ఈ "హాడ్" అక్కరలేదు. "నేను నిన్న గుంటూరునకు వెళ్ళియుంటిని" అను తెలుగును బట్టి "ఐ హాడ్ గాన్ టు గుంటూర్ యెస్టర్డే" అని వ్రాయుదురు. పోల్చుటకు వేరొక పని లేనప్పుడు "ఐ వెంట్" అనుటయే తగును.

ఒకరి మాటను మరియొకరికి జెప్పునప్పుడును భేద మున్నది. "రేపు వచ్చెదనని అతడు చెప్పెను" అని తెలుగులో చెప్పునప్పుడు, "అని" అను మాటకు ముందు ఆ మనుష్యుని పలుకును దాదాపు యథాతథముగా నుంచుదుము. ఇంగ్లీషున చెప్పెడివాని నోట నుండి ఆ మాటను మన నోటిలోనికి దెచ్చుకొని కాలమును ఒక మెట్టు వెనుకకు జరుపవలెను: "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే." ఎన్నడును మారని సత్యమును మాత్రము వెనుకకు జరుపవలసిన పనిలేదు. భూమి సూర్యునిచుట్టు తిరుగునని ఉపాధ్యాయుడు చెప్పె ననుటకు "ది టీచర్ సెడ్ దట్ ది అర్త్ మూవ్స్ రౌండ్ ది సన్" అనవచ్చును.

"అయినచో" అను చోట భవిష్యత్తు వలదు

"రేపు వర్షము కురిసినచో మేము రాము." దీనిని "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని వ్రాయుదురు. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వి విల్ నాట్ కమ్" అనవలెను. తెలుగును చూడుడు. "కురిసినచో" అను రూపములో భవిష్యత్తు గుర్తు ఏమైన నున్నదా? లేదు. వ్యాకరణములో చేదర్థకమనబడు ఈ రూపము కాలమును ప్రధానక్రియకే విడిచిపెట్టును. ఇంగ్లీషును అంతే. "ఇఫ్" అనుదాని తరువాతను, ఎప్పుడైతే అను నర్థముగల "వెన్" తరువాతను సింపుల్ ప్రెజెంటు చాలును. ఇచ్చట మన భాషయే మనకు గురువు.

"షల్", "విల్" అనువానికి నడుమ భేదమును జాన్ వాలిస్ 1653లో ప్రకటించిన తన వ్యాకరణమున నియమముగా వ్రాసెను. నేడు వాడుకలో అన్ని పురుషలకును "విల్" చెల్లుచున్నది. "షల్ ఐ ఓపెన్ ది డోర్?" అను అనుమతి ప్రశ్నలోను, శాసనముల భాషలోను "షల్" నిలిచియున్నది.

ఇన్ఫినిటివ్, మన తుమర్థకము

కాలము, పురుష, వచనము అను బంధనములు లేని క్రియారూపమును ఇంగ్లీషున ఇన్ఫినిటివ్ అందురు. మన వ్యాకరణమున దీనికి సాటియైనది తుమర్థకము: "చేయన్", "వెళ్ళన్", "వ్రాయన్." ప్రాచీన ఇంగ్లీషున "వ్రాయుట" అను నర్థముగల క్రియకు "వ్రీటన్" అని యుండెడిది, అందును చివర "అన్" అను ధ్వనియే. ఇది యాదృచ్ఛికమే కాని చుట్టరికము కాదు. అయినను జ్ఞాపకమునకు మేలు చేయును.

మన తుమర్థకము తరచుగా మరియొక క్రియతో కలసియుండును: వెళ్ళలేదు, వెళ్ళగలడు, వెళ్ళవలెను, వెళ్ళవచ్చును, వెళ్ళనిమ్ము. ఇంగ్లీషునను సరిగా ఈ చోటులయందే "టు" లేని ఇన్ఫినిటివ్ వచ్చును: "డిడ్ నాట్ గో", "కెన్ గో", "మస్ట్ గో", "మే గో", "లెట్ హిమ్ గో." "డిడ్ నాట్ వెంట్" అని వ్రాయు బాలుడు ఒక్క క్షణము తన తెలుగును వినవలెను. "వెళ్ళలేదు" అనుటకు మారుగా "వెళ్ళెను లేదు" అని తెలుగుబిడ్డ యెవడైనను అనునా? భూతకాలము "డిడ్" అను మాటలోనే ముగిసినది; తరువాత మరల భూతరూప మెందులకు? "కెన్ గోస్" అనుటయు "వెళ్ళును గలడు" అనుటవంటిదే. "ఆట్", "హావ్" అను మాటలు మాత్రము "టు" కోరును: "ఆట్ టు గో", "హావ్ టు గో." చేయించుట యను నర్థమున "మేక్" తరువాత "టు" రాదు: "ది టీచర్ మేడ్ హిమ్ రైట్ ఇట్ అగెయిన్." అదే కర్మణివాక్యమైనప్పుడు "టు" మరల వచ్చును: "హి వాజ్ మేడ్ టు రైట్ ఇట్ అగెయిన్."

"టు" గల ఇన్ఫినిటివ్ స్వభావమును దాని చరిత్రనుబట్టి తెలిసికొనవచ్చును. ఆ "టు" మొదట ఒక విభక్తివంటి మాట. దిక్కును, ప్రయోజనమును దెలిపెడిది. అందుచేత అది సాధారణముగా ముందునకు చూచును. ఆమె చదువుటకు వచ్చిన దనుటకు "షి హాజ్ కమ్ టు స్టడీ" అనవలెను. "ఫర్ స్టడీయింగ్" అనుట తగదు. కోరుట, ఆశించుట, వాగ్దానము చేయుట, నిశ్చయించుట, నిరాకరించుట అనునవి యింకను జరుగని పనినిగూర్చినవి. అందుచేత "వాంట్ టు", "హోప్ టు", "ప్రామిస్ టు", "డిసైడ్ టు", "రెఫ్యూజ్ టు" అందురు. ఆనందించుట, ముగించుట, కొనసాగించుట అనునవి యున్న పనినిగూర్చినవి. అందుచేత "ఎంజాయ్ రీడింగ్", "ఫినిష్ రైటింగ్", "కీప్ వాకింగ్" అని "ఇంగ్" రూపమైన జెరండును వాడుదురు. ఈ సూత్రము నూటికి నూరుపాళ్లు చెల్లదు. "సజెస్ట్" అను క్రియ ముందునకు చూచినను "ఇంగ్" రూపమునే కోరును. అట్టివానిని ఒక్కొక్కటిగా నేర్చుకొనవలెను.

రెండు రూపములును వచ్చు క్రియలయందు ఈ భేదము స్పష్టముగా కనబడును. "ఐ ఫర్గాట్ టు షట్ ది విండో" అన్నచో కిటికీ మూయ మరచితిని. అది తెరచియే యున్నది. "ఐ ఫర్గాట్ షటింగ్ ది విండో" అన్నచో మూసితిని గాని మూసిన సంగతి మరచితిని. "హి స్టాప్డ్ టు టాక్" అన్నచో మాటలాడుటకై ఆగెను. "హి స్టాప్డ్ టాకింగ్" అన్నచో మాటలాడుట మానెను.

ఉత్తరముల కడపట "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు" అని వ్రాయుట కలదు. ఇచ్చటి "టు" ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, విభక్తి. దీనిని పరీక్షించుటకు తేలిక యుపాయ మొకటి చెప్పెదము. "టు" తరువాత ఒక నామవాచకము నుంచి చూడుడు. "ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్" అనవచ్చును గనుక "టు హియరింగ్ ఫ్రమ్ యు" అనవలెను. "ఐ వాంట్ టు యువర్ లెటర్" అనరాదు గనుక "వాంట్ టు హియర్" అనవలెను.

ఇన్ఫినిటివ్‌నకు కాలబంధనము లేదంటిమి; అయినను ముందు వెనుకలను దెలుపు శక్తి దానికి గలదు. "హి సీమ్స్ టు బి ఇల్" అన్నచో ఇప్పుడు జబ్బుగా నున్నట్లున్నాడు. "హి సీమ్స్ టు హావ్ బీన్ ఇల్" అన్నచో ఇదివరకు జబ్బుపడినట్లున్నాడు. ఈ పర్ఫెక్టు రూపమును అక్కరలేనిచోట వాడరాదు. "ఐ ఇంటెండెడ్ టు హావ్ రిటన్ లాస్ట్ వీక్" అను తీరు వాక్యములను 1795లో వెలువడిన లిండ్లీ మర్రే వ్యాకరణము తప్పుపట్టెను. ఉద్దేశించిన క్షణమున వ్రాయుట ఇంకను ముందున్న పనియే గదా! "ఐ ఇంటెండెడ్ టు రైట్" అనుట చాలును.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను ముందు మీరే ఇంగ్లీషున వ్రాసికొని, పిదప మా జవాబులతో సరిచూచుకొనుడు.

1. మా అక్క మూడేండ్లనుండి నర్సుపని చేయుచున్నది.
2. నేను నిన్న తపాలాఫీసునకు వెళ్ళలేదు.
3. మేము ఒడ్డు చేరునప్పటికి పడవ వెళ్ళిపోయినది.
4. మా తాతగారు ప్రతిదినము అయిదుగంటలకు మేల్కొందురు.
5. నీవు రేపు వచ్చినచో పుస్తకము ఇచ్చెదను.
6. దీపము ఆర్పుట మరువకుము.

జవాబులు: 1. "మై సిస్టర్ హాజ్ బీన్ వర్కింగ్ ఆజ్ ఎ నర్స్ ఫర్ త్రీ ఇయర్స్." పని యింకను సాగుచున్నది, మూడేండ్లు కొలత. 2. "ఐ డిడ్ నాట్ గో టు ది పోస్టాఫీస్ యెస్టర్డే." నిన్న మూసిన తలుపు, "డిడ్" తరువాత తుమర్థకము. 3. "వెన్ వి రీచ్డ్ ది బ్యాంక్, ది బోట్ హాడ్ లెఫ్ట్." రెండు పనులలో పడవ వెళ్ళుట ముందు. 4. "మై గ్రాండ్‌ఫాదర్ వేక్స్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే." అలవాటు గనుక తద్ధర్మము. 5. "ఇఫ్ యు కమ్ టుమారో, ఐ విల్ గివ్ యు ది బుక్." చేదర్థకమున భవిష్యత్తు లేదు. 6. "డు నాట్ ఫర్గెట్ టు పుట్ అవుట్ ది ల్యాంప్." చేయవలసిన పని ముందున్నది.

తలిదండ్రులకు ఒక మాట

ఇంగ్లీషు రాని తలిదండ్రులు తమ బిడ్డలకు ఈ విషయమున సాయపడలేమని తలంపవలదు. ఇందు సగము పని తెలుగులోనే జరుగవలసియున్నది. బిడ్డ ఇంగ్లీషున ఒక ఉత్తరము వ్రాయుచున్నప్పుడు, "ఈ పని యెప్పుడు జరిగినది? ముగిసినదా, ఇంకను జరుగుచున్నదా? దీనికంటె ముందు జరిగినదేది?" అని తెలుగున నడిగినచో చాలును. ఆ మూడు ప్రశ్నలకు స్పష్టముగా జవాబు చెప్పగలిగిన బిడ్డ, నేర్చుకొన్న రూపములలో తగినదానిని ఎన్నుకొనగలడు. జవాబు చెప్పలేని బిడ్డకు లోపము ఇంగ్లీషులో లేదు. తాను చెప్పదలచిన సంగతినే యతడు ఇంకను పూర్తిగా ఆలోచింపలేదని తెలిసికొనవలెను.

విద్యార్థులారా, కాలముల పట్టికను కంఠస్థము చేయుట మంచిదే. రూపములు తెలియనిదే యెన్నిక లేదు. కాని పట్టిక పెట్టెవంటిది. అందులోనుండి దేనిని తీయవలెనో చెప్పునది పట్టిక కాదు, జరిగిన సంగతి. నేటినుండి ఒక నెలదినములు ప్రతిరాత్రియు ఆ దినమున జరిగినదానినిగూర్చి అయిదు వాక్యములు ఇంగ్లీషున వ్రాయుడు. ప్రతి క్రియక్రిందను గీత గీసి, ఈ కాలమును ఏల యెన్నుకొంటినో ప్రక్కన తెలుగున ఒక్క మాటలో వ్రాయుడు. కారణము వ్రాయలేనిచోట నిలిచి, మీ యుపాధ్యాయుల నడుగుడు. ఇట్లు నూటయేబది వాక్యములు వ్రాసిన విద్యార్థి తన తప్పులను తానే దిద్దుకొనుట నేర్చును.